అవ్వ భాగవతంలో కుంకుమ చుక్క: పాత చదువరుల జాడలు వెతికి నమోదు చేయడం ఎలా?

మా అవ్వ చదివిన పోతన భాగవతం ఇప్పుడు నా దగ్గర ఉంది. ముఖపత్రం ఎప్పుడో చిరిగిపోయింది కాబట్టి ఏ ఊళ్లో, ఏ సంవత్సరంలో అచ్చయిందో పుస్తకం చెప్పదు. అట్ట లోపలి వైపు మాత్రం గోధుమరంగుకు తిరిగిన సిరాతో నాలుగు వరుసలున్నాయి: "దుర్మతి సం॥ర శ్రావణ శు ౫. చంద్రగిరి తాలూకా, చిత్తూరు జిల్లా. వెల రూ. 2-8-0. ఇది మా అమ్మాయి చదువుకొనుటకు." అది అవ్వ తండ్రి దస్తూరి. లోపల అష్టమ స్కంధంలో గజేంద్ర మోక్షం మొదలయ్యే చోట అంచు మీద ఒక కుంకుమ చుక్క. అవ్వ తన చదువు గురించి మాకు వదిలివెళ్లిన దస్తావేజు ఇంతే.

పూర్వం మనవాళ్లు చదివారే తప్ప చదివిన అనుభవాన్ని రాసిపెట్టలేదని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. "ఈ రోజు ఫలానా పుస్తకం చదివాను, నాకు ఇలా అనిపించింది" అని దినచర్య రాసుకున్నవాళ్లు తక్కువే కావచ్చు. కానీ తాటాకు కట్ట చివర, అట్ట లోపల, పంచాంగం అంచున, కార్డు ముక్క మీద, ఒక్కోసారి చాటుపద్యంలో వాళ్లు తమ జాడ వదిలారు. ఆ జాడను గుర్తుపట్టడం, చదవడం, చెడిపోకుండా నమోదు చేయడం ఎలాగో నాకు తెలిసినంత చెబుతాను. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఇళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

మొదటి అడుగు: దేన్ని వెతుకుతున్నారో తేల్చుకోండి

బ్రిటన్‌లోని ఓపెన్ యూనివర్సిటీ 1996లో రీడింగ్ ఎక్స్‌పీరియెన్స్ డేటాబేస్ అనే పని మొదలుపెట్టింది. 1450 నుంచి 1945 వరకు అక్కడి పాఠకులు తమ చదువు గురించి వదిలిన ఆధారాలను ముప్పై వేలకు పైగా పోగుచేశారు. వాళ్లు ప్రతి ఆధారాన్నీ అడిగే ప్రశ్నలు చాలా సులువైనవి. ఎవరు చదివారు? ఏది, ఎప్పుడు, ఎక్కడ? పైకి చదివారా, మనసులో చదువుకున్నారా? ఒంటరిగానా, నలుగురిలోనా?

ఆ చివరి రెండు ప్రశ్నలూ మనకు మరీ ముఖ్యం. మన దగ్గర ఒకరు చదివితే పదిమంది వినేవారు. చిత్తూరు పల్లెల్లో ద్రౌపదీ ధర్మరాజుల గుడి దగ్గర పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం. అర్జునుడి వేషగాడు తపస్సు మాను అనే ఎత్తైన స్తంభం ఎక్కే రోజు, దుర్యోధన వధ రోజు ఊరంతా అక్కడే ఉంటుంది. అక్షరం రాని రైతు పర్వం వెంట పర్వం కథ చెప్పగలిగింది ఇలా విన్నందువల్లే. అందుకే మీరు రాసే పట్టికలో 'చదివినవారు' అనే గడి పక్కన 'విన్నవారు' అనే గడి కూడా తప్పకుండా ఉండాలి. అది లేకపోతే మన ఊళ్ల చదువులో సగం జారిపోతుంది.

పండితుల వైపు చూస్తే ఆధారాలు మరో రూపంలో దొరుకుతాయి. కావ్యం మొదట్లో కవి చేసే పూర్వకవి స్తుతి ఒక విధంగా అతను ఎవరిని చదివాడో చెప్పే పట్టికే. ఎఱ్ఱన నన్నయనూ తిక్కననూ పొగిడాడంటే ముందు వాళ్లను చదివిన పాఠకుడిగా మాట్లాడుతున్నాడు. ఇక చిత్తూరు పక్కనున్న కట్టమంచిలో 1880లో పుట్టిన రామలింగారెడ్డి గారి 'కవిత్వతత్త్వ విచారము' చూడండి. పింగళి సూరన కావ్యాలతో ఒక పాఠకుడు ఎంత గట్టిగా తలపడ్డాడో అందులో కనిపిస్తుంది. అయితే ఇలాంటివి అచ్చులో భద్రంగా ఉన్నాయి. మనం తొందరపడవలసింది అచ్చుకెక్కని వాటి కోసం.

రెండో అడుగు: ఎక్కడ వెతకాలి

ముందు ఇంట్లో వెతకండి. పూజగది, అటక, ట్రంకు పెట్టె, బియ్యం డబ్బా వెనుక మూట, ఏదీ వదలవద్దు. పారాయణ గ్రంథాల్లోనే గుర్తులు ఎక్కువగా ఉంటాయి, ఎందుకంటే వాటిని ఒకసారి చదివి పక్కన పెట్టరు. పాత పంచాంగాలను చిత్తు కాగితాలని పారేయకండి. వాన పడిన రోజు, బిడ్డ పుట్టిన ఘడియ, ఇంట్లో పురాణం మొదలుపెట్టిన తిథి వాటి అంచుల మీదే రాసుకునేవారు. ఊళ్లో నాటకాలు ఆడినవాళ్ల ఇళ్లలో పద్యాల నోటు పుస్తకాలు ఉంటాయి. ఏ పద్యానికి ఏ రాగం, ఎక్కడ ఆపాలి అన్న గుర్తులతో అవి నిండి ఉంటాయి.

ఆ తరువాత సంస్థలు. తిరుపతిలో 1939లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర ప్రాచ్య పరిశోధన సంస్థలో తాళపత్రాల సంపద ఉంది. ఇప్పుడది శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో భాగం. జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంలోనూ రాతప్రతులున్నాయి. తిరుమల తిరుపతి దేవస్థానం వారి కేంద్రీయ గ్రంథాలయం, జిల్లా గ్రంథాలయ సంస్థ శాఖలు పాత అచ్చు పుస్తకాలకు మంచి చోట్లు. చెన్నై వెళ్లగలిగితే ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో బ్రౌన్ దొర సేకరించిన తెలుగు ప్రతులు చూడవచ్చు.

ఒక కిటుకు చెబుతాను. వెళ్లగానే తాటాకు కట్ట అడగకండి, ముందు ఆ సంస్థ ప్రచురించిన వివరణాత్మక సూచిక అడగండి. అందులో ప్రతి గ్రంథం మొదటి వాక్యాలూ చివరి వాక్యాలూ అచ్చువేసి ఉంటాయి. మనకు కావలసింది ఆ చివరి వాక్యాలే. రెండు రోజులు సూచికతో కూర్చుంటే ఏ కట్ట తెరిపించుకోవాలో తెలుస్తుంది, తాటాకుకూ శ్రమ తప్పుతుంది.

ఇలాంటి వెతుకులాటకు తిరుపతిలో పెద్ద ఆనవాయితీ ఉంది. తిరుమల ఆలయంలో తాళ్లపాక వారి సంకీర్తనల రాగిరేకులు వందల ఏళ్లు ఒక అరలో ఉండిపోయాయి. వాటిలోని పాటలను పరిష్కరించి లోకానికి అందించిన వారిలో వేటూరి ప్రభాకరశాస్త్రి గారు ఒకరు. జనం నోట నిలిచిన చాటుపద్యాలను ఏరి కూర్చి 'చాటుపద్య మణిమంజరి'గా అచ్చువేయించిందీ ఆయనే. ఫలానా కవిని జనం ఎలా చదివారు, దేనికి మురిశారు, దేనికి వెక్కిరించారు అన్నది చాటువుల్లో తెలిసినంతగా మరెక్కడా తెలియదు.

మూడో అడుగు: తెరిచే ముందు

చేతులు కడుక్కుని పూర్తిగా ఆరనివ్వండి. తడిగుడ్డ, నూనె, అతికించే టేపు దగ్గరికి రానివ్వకండి. పుస్తకాన్ని సగానికి మించి విప్పకండి. తాటాకు కట్ట అయితే దారం తెంపకుండా ఆకులను దారం మీదే జరుపుతూ చూడండి. ఆకులు ఒకదానికొకటి అతుక్కుని ఉంటే విడదీయవద్దు, ఆ పని నేర్చినవాళ్లకు వదిలేయండి.

నాలుగో అడుగు: ఏ వరుసలో చూడాలి

అట్ట లోపలి వైపుతో మొదలుపెట్టండి. ఎవరు కొన్నారు, ఎవరు ఎవరికి ఇచ్చారు, ఎంతకు కొన్నారు అన్నవి అక్కడే ఉంటాయి. పుస్తకానికి చుట్టిన అట్ట కాగితాన్ని కూడా చూడండి. పాత పట్టా నకలో, పెళ్లి శుభలేఖో, బడి ప్రశ్నపత్రమో అయి ఉండవచ్చు. దాని మీదున్న తేదీ ఒక్కోసారి పుస్తకం కన్నా ఎక్కువ చెబుతుంది.

తరువాత అంచులు చూడండి. పెన్సిలు గీతలు వెలుతురు తిన్నగా పడితే కనిపించవు. కిటికీ పక్కన కూర్చుని వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకోండి. అప్పుడు గోటి గీతలు కూడా తేలుతాయి. కలం చేతిలో లేనప్పుడు నచ్చిన పద్యం పక్కన గోటితో నొక్కి గీయడం మామూలు అలవాటు. గంటంతో గీసి మసి పూయని తాటాకులకూ ఈ ఏటవాలు వెలుతురే దారి.

పారాయణ గుర్తుల లెక్క వేరు. సుందరకాండకు 68 సర్గలు. రోజుకు ఒక సర్గ చదివేవాళ్ల పుస్తకంలో పసుపు, కుంకుమ మరకలు అన్ని సర్గల మొదట్లోనూ కాస్త సమంగా పడతాయి. భాగవత సప్తాహం చేసిన ప్రతిలో గుర్తులు ఏడు చోట్ల, రామాయణ నవాహం చేసిన ప్రతిలో తొమ్మిది చోట్ల ఉంటాయి. గుర్తులు లెక్కపెడితే ఆ ఇంట్లో ఏ పద్ధతిలో చదివారో బయటపడుతుంది. ఏ పుట దాకా మరకలుండి ఆ తరువాత శుభ్రంగా ఉందో కూడా రాసుకోండి. చదువు అక్కడ ఆగి ఉండవచ్చు.

పుటల మధ్య దొరికినవాటిని తీసి పక్కన పెట్టకండి. ఏ పుటల మధ్య ఏది ఉందో రాసుకుని, ఫోటో తీసి, మళ్లీ అక్కడే ఉంచండి. నెమలి ఈక, కార్డు, బస్సు టికెట్టు, ఎండిన పువ్వు ఏదైనా సరే. వేపాకు కనిపిస్తే మాత్రం ఆగి ఆలోచించండి. అది పురుగు పట్టకుండా పెట్టింది, చదువుకు గుర్తు కాకపోవచ్చు.

ఐదో అడుగు: కాలం తేల్చడం

ఇది నాకు చాలా ఇష్టమైన భాగం. ఒక్క ఆధారాన్ని నమ్మకుండా రెండు మూడింటిని ఒకదానితో ఒకటి సరిచూసుకోవాలి.

తెలుగు సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకు ఒకసారి తిరిగి వస్తాయి. ప్రభవ 1807లో, 1867లో, 1927లో, 1987లో వచ్చింది. మీ పుస్తకంలోని సంవత్సరం ప్రభవ నుంచి ఎన్నోదో లెక్కపెట్టి, ఒకటి తీసేసి, ఆ సంఖ్యను వీటికి కలపండి. ధాత పదోది కాబట్టి 1867కు తొమ్మిది కలిపితే 1876 వస్తుంది. మన పెద్దలు చెప్పుకున్న ధాత కరువు మొదలైంది ఆ ఏడే. ఉగాది మార్చి, ఏప్రిల్ నెలల్లో వస్తుంది కనుక పుష్యం, మాఘం, ఫాల్గుణం సాధారణంగా తరువాతి ఇంగ్లీషు సంవత్సరంలో పడతాయి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. శాలివాహన శకం ఇస్తే 78 కలపండి. పట్టా కాగితాల మీద ఫసలీ, అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరం, ఉంటే 590 కలపండి. ఫసలీ జూలైలో మొదలవుతుంది.

జిల్లా పేరు మరో గట్టి ఆధారం. చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. అంతకుముందు తిరుపతి, చంద్రగిరి, చిత్తూరు ఉత్తర ఆర్కాడులో ఉండేవి, మదనపల్లె, వాయల్పాడు కడపలో ఉండేవి. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న వచ్చింది. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న, ఆంధ్రప్రదేశ్ 1956 నవంబరు 1న ఏర్పడ్డాయి. రూపాయలు, అణాలు, పైలు (అణాలో పన్నెండో వంతు) మూడు అంకెల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందరి లెక్క. 'నయా పైసలు' అని ఉంటే 1957కూ 1964కూ మధ్యది. చిరునామాలో పిన్ కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15కు ముందుది కాదు.

ఇప్పుడు మా అవ్వ పుస్తకం చూడండి. దుర్మతి 55వ సంవత్సరం. అంటే 1861, 1921, 1981లో ఏదో ఒకటి కావాలి. 'చిత్తూరు జిల్లా' అని రాసి ఉంది కనుక 1861 కాదు. వెల అణాల్లో ఉంది కనుక 1981 కాదు. మిగిలింది 1921. శ్రావణ శుద్ధ పంచమి అంటే ఆగస్టు నెల. ముఖపత్రం లేని పుస్తకం తన కాలం తానే చెప్పింది.

ఒక జాగ్రత్త. అచ్చువేసిన వెల పుస్తకం పుట్టిన కాలాన్ని చెబుతుందే కానీ చదివిన కాలాన్ని చెప్పదు. చేత్తో రాసిన వెలకూ అలవాటు బలం ఉంటుంది. నాణేలు మారిన తరువాత కూడా కొందరు పెద్దలు అణాల్లోనే లెక్క రాసుకున్నారు.

ఆరో అడుగు: పాత రాత చదవడం

కష్టమంతా మొదటి వారమే. తాటాకులో పదాల మధ్య ఖాళీ ఉండదు. అందువల్ల గొంతెత్తి చదవండి, కంటికి అందని పదం చెవికి అందుతుంది. తెలుగు అంకెలు ౧ నుంచి ౯ దాకా ఒక కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకోండి. వలపలగిలక చాలామందిని బోల్తా కొట్టిస్తుంది. అంటే హల్లుకు ముందు పలికే రకారాన్ని హల్లు తరువాత తొమ్మిది అంకెలాంటి గుర్తుతో రాయడం. 'ధమ౯ము' అని కనిపిస్తే అది ధర్మము, అక్కడ తొమ్మిదీ లేదు, లెక్కా లేదు. అరసున్న, బండి ఱ ఉన్నవి ఉన్నట్టే దించుకోండి.

తాటాకు చివర తరచుగా శ్లోకాలు కనిపిస్తాయి. వాటిలో ఒకటి:

భగ్నపృష్ఠ కటిగ్రీవః స్తబ్ధదృష్టిరధోముఖః
కష్టేన లిఖితం గ్రంథం యత్నేన పరిపాలయేత్

వీపు, నడుము, మెడ విరిగిపోయేలా, చూపు కదలకుండా, తల వంచుకుని కష్టపడి రాసిన గ్రంథం ఇది, జాగ్రత్తగా కాపాడండి అని లేఖకుడి వేడుకోలు. ఇంకొకటి:

తైలాద్రక్షేజ్జలాద్రక్షేద్రక్షేచ్ఛిథిలబంధనాత్
మూర్ఖహస్తే న దాతవ్యమేవం వదతి పుస్తకమ్

నూనె నుంచి, నీటి నుంచి, వదులైన కట్టు నుంచి కాపాడండి, మూర్ఖుడి చేతికి ఇవ్వకండి అని పుస్తకమే చెబుతోంది. "యాదృశం పుస్తకం దృష్ట్వా తాదృశం లిఖితం మయా", అంటే చూసిన పుస్తకం ఎలా ఉందో అలాగే రాశాను, తప్పొప్పుల దోషం నాది కాదు అనే శ్లోకమూ విరివిగా ఉంటుంది.

మొదటిసారి చదివినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. అయితే ఇవి అందరు లేఖకులూ వాడుకున్న శ్లోకాలు, ఆ ఒక్క మనిషి నడుము నొప్పికి సాక్ష్యం కావు. శ్లోకం తరువాత సొంత మాటల్లో రాసిన వాక్యం కోసం చూడండి. ఎవరి కోసం రాశాడు, ఏ ఊళ్లో, ఏ తిథికి ముగించాడు అన్నది అక్కడుంటుంది. శ్లోకంలో ఒక్క మాట మార్చినా ఆ మార్పు అతనిదేనేమో చూడండి, రాసిపెట్టండి. అచ్చు పుస్తకాల మొదట్లో ఉండే పండితుల 'అభిప్రాయములు' విషయంలోనూ ఇదే మెలకువ కావాలి. అవి అడిగి రాయించుకున్న మెచ్చుకోళ్లు. వాటి కన్నా అంచున పెన్సిలుతో రాసిన "ఇది సరికాదు" అనే ఒక్క మాటను నేను ఎక్కువగా నమ్ముతాను.

ఏడో అడుగు: రాసిపెట్టడం

ఒక్కో గుర్తుకు ఒక్కో నమోదు ఉండాలి. ఒక పుస్తకంలో పది గుర్తులుంటే పది నమోదులు. కనిపించినదాన్ని ఒక చోట, మీరు అనుకున్నదాన్ని వేరే చోట రాయండి. ఈ రెండూ కలిసిపోతే తరువాత విడదీయడం ఎవరి తరమూ కాదు. చెరిగిన అక్షరాల చోట చుక్కలు పెట్టండి, ఊహించి పూరించకండి. తప్పులు దిద్దకండి. నా నోటు పుస్తకంలోని ఒక నమోదు ఇలా ఉంటుంది:

గ్రంథం: పోతన భాగవతం, ముఖపత్రం లేదు.
చోటు: అష్టమ స్కంధం, గజేంద్ర మోక్షం మొదటి పుట, ఎడమ అంచు.
కనిపించినది: కుంకుమ చుక్క ఒకటి, చిటికెన వేలి కొన అంత. ఎదుటి పుట మీద దాని అచ్చు పడింది.
చదివినవారు: అవ్వ.
విన్నవారు: (తరువాత రాయాలి)
పైకా, మనసులోనా: (తరువాత రాయాలి)
కాలం: 1921 ఆగస్టు తరువాత.
ఎలా తెలిసింది: అట్ట లోపలి రాత.
నా ఊహ: ఆమెకు ఇష్టమైన ఘట్టం.

ఫోటోలు కనీసం రెండు తీయండి. పుట మొత్తం ఒకటి, గుర్తును దగ్గరగా ఒకటి. పక్కన చిన్న స్కేలు పెడితే పరిమాణం తెలుస్తుంది. ఫోటోకు పుస్తకం పేరు, పుట సంఖ్య పెట్టండి. ఫోనులో వేలకొద్దీ బొమ్మల మధ్య పేరు లేని ఫోటో ఉన్నా లేనట్టే.

ఎనిమిదో అడుగు: పెద్దవాళ్లను అడగడం

పుస్తకాన్ని వాళ్ల చేతిలో పెట్టి అడగండి. ఖాళీ చేతులతో "అప్పట్లో ఏం చదివేవారు?" అని అడిగితే "ఏముంది నాయనా, రామాయణం, భారతం" అనే జవాబే వస్తుంది. పుట తెరిచి, గుర్తు చూపించి, ఆ ఒక్కదాని గురించే అడగండి. ఎక్కడ కూర్చుని చదివేవారు, దీపం ఎవరు పట్టుకునేవారు, మధ్యలో ఎవరు ఏం అడిగేవారు, ఏ చోట ఏడ్చేవారు? ఇలాంటి ప్రశ్నలకు జ్ఞాపకం దానంతట అదే కదులుతుంది. ఒప్పుకుంటే ఫోనులో గొంతు రికార్డు చేయండి, లేదంటే ఆ రాత్రే కూర్చుని వాళ్ల మాటల్లోనే రాసుకోండి. కొందరు తమ పేరు బయటికి రాకూడదంటారు, దానికి కట్టుబడండి.

కుంకుమ చుక్క గురించి మా అత్తను అడిగాను.

"అత్తా, ఈ ఘట్టం అవ్వకు బాగా ఇష్టమా?"

అత్త పుస్తకాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూసింది. "ఇష్టమో కాదో నాకు తెలియదు నాయనా. వీధిలో ఎవరికి జ్వరం ముదిరినా వాళ్లింటి ఆడవాళ్లు వచ్చి అమ్మ చేత గజేంద్ర మోక్షం చదివించుకునేవాళ్లు. అర్ధరాత్రి కూడా వచ్చేవాళ్లు. బుడ్డి దీపం వెలుతురులో పుట వెతకలేక ఆ చుక్క పెట్టుకుంది."

నా ఊహ తప్పు. దాన్ని కొట్టివేశాను, చెరపలేదు, కింద తేదీ వేసి అత్త మాటలు రాశాను. 'విన్నవారు' గడిలో వీధి ఆడవాళ్లు చేరారు. 'పైకా, మనసులోనా' గడిలో 'పైకి' అని చేరింది. ఒక మనిషి ఇష్టానికి గుర్తు అనుకున్నది ఒక వీధి ఆపదకు గుర్తయింది.

తొమ్మిదో అడుగు: భద్రపరచడం

నోటు పుస్తకానికి ఒక నకలు తీసి వేరే ఊళ్లోని బంధువుల ఇంట్లో ఉంచండి. ఫోటోలు రెండు చోట్ల దాచండి. ఇంట్లో తాటాకు కట్ట ఉండి చూసుకునే వీలు లేకపోతే తిరుపతిలోని పై సంస్థల్లో ఒకదాన్ని సంప్రదించండి. ఇచ్చేటప్పుడు అది ఎవరింట్లో, ఎవరు చదివిందో ఒక కాగితం మీద రాసి కట్టతో పాటు ఇవ్వండి. ఆ వివరం లేకుండా వెళ్లిన కట్టలో గ్రంథం మిగులుతుంది కానీ పాఠకుడు మిగలడు.

మా భాగవతంలో నమోదు చేయవలసింది ఇంకొకటి ఉంది. దశమ స్కంధంలో రుక్మిణీ కల్యాణం పుటల కింది మూలలు బట్టలా మెత్తబడి నలిగిపోయాయి. పెళ్లి కావలసిన ఆడపిల్లలు ఆ ఘట్టం చదివితే మంచిదని మా వైపు నమ్మకం. అన్నిసార్లు ఆ పుటలు తిప్పింది అవ్వా, ఆమె కూతుళ్లా, అడిగి తీసుకెళ్లిన ఇరుగుపొరుగు పిల్లలా? అత్తకు గుర్తులేదు. 'చదివినవారు' గడిని ఖాళీగా ఉంచాను. వచ్చే నెల చంద్రగిరిలో అవ్వ చెల్లెలి కోడలిని కలవడానికి పుస్తకం తీసుకుని వెళుతున్నాను.